కుంగుబాటు (నాడీశాస్త్రం)

కుంగుబాటు మనసును, శరీరాన్ని, దైనందిన జీవితాన్ని ఒకేసారి దెబ్బతీసే వ్యాధి. దీనిని మానసిక కుంగుబాటు, వ్యాకులత అని, వాడుకలో డిప్రెషన్ అని కూడా అంటారు. ఆత్మీయులు పోయినప్పుడో, పరీక్ష తప్పినప్పుడో, పంట దెబ్బతిన్నప్పుడో కలిగే దుఃఖం సహజమైనది. అది కాలక్రమాన తగ్గుతుంది. అలా కాక, కనీసం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఉండి, వాటితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఓపిక చెడి, చేయవలసిన పనులు సాగని స్థితి ఏర్పడితే వైద్యులు దానిని కుంగుబాటు వ్యాధిగా పరిగణిస్తారు.

దీర్ఘకాలిక ఒత్తిడి ఈ వ్యాధికి ముఖ్యమైన ప్రేరకాలలో ఒకటి. ఒత్తిడి మెదడులో ఏ మార్పులు తెస్తుంది, ఆ మార్పులను మందులు ఏ చోట పట్టుకొని సరిదిద్దగలవు అన్న ప్రశ్నలపై డెబ్బయి ఏళ్ళకు పైగా పరిశోధన సాగుతున్నది. మందు అతుక్కొని పనిచేసే అణువును ఔషధ లక్ష్యం అంటారు. కుంగుబాటు విషయంలో ఇటువంటి లక్ష్యాలను చూపిన తొలి ఆధారాలు మనోవైద్యం కోసం చేసిన అన్వేషణలో దొరికినవి కావు. ఒకటి రక్తపోటుకు వాడిన సర్పగంధ వేరు నుండి, మరొకటి క్షయవ్యాధి మందు నుండి వచ్చాయి. మొదటిది భారతదేశపు మొక్క. రెండవది అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి క్షయ ఆరోగ్యకేంద్రాల కాలానికి చెందిన కథ.

వ్యాప్తి

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ (నిమ్‌హాన్స్) 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. ఆ సర్వే ప్రకారం పెద్దవారిలో 5.25 శాతం మంది, అంటే దాదాపు ప్రతి 20 మందిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనైనవారే. సర్వే జరిగే నాటికి 2.7 శాతం మంది ఆ వ్యాధితో ఉన్నారు. వారిలో అయిదింట నాలుగు వంతులకు పైగా ఎటువంటి చికిత్సా పొందడం లేదు. ఈ 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు గాని, చిత్తూరు జిల్లాకు సరిహద్దున ఉన్న తమిళనాడు ఉన్నది.

చికిత్స అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణం. వ్యాధిని వ్యాధిగా గుర్తించకపోవడం మరొక కారణం. రాయలసీమ పల్లెలలోనే కాక దేశమంతటా చాలామంది రోగులు డాక్టరు దగ్గరకు దిగులు చెప్పుకోవడానికి వెళ్ళరు. తలబరువు, ఒళ్ళునొప్పులు, గుండెదడ, నీరసం, నిద్ర పట్టకపోవడం వంటి బాధలతో వెళతారు. రక్తపరీక్షలలో ఏమీ తేలకపోతే "నీకేమీ లేదు" అన్న మాట విని తిరిగివస్తారు. ఇంట్లో "ధైర్యంగా ఉండు" అన్న సలహా దొరుకుతుంది. ధైర్యం చాలకపోవడం వలన వచ్చిన లోపమిది అన్న ఈ అభిప్రాయం సరైనదా కాదా అన్నదానికి నాడీశాస్త్రం ఇచ్చే సమాధానమే ఈ వ్యాసంలోని ప్రధాన విషయం.

ఒత్తిడి - శరీర స్పందన

ఒత్తిడి అన్న మాటను జీవశాస్త్రంలో స్థిరపరచినవాడు హాన్స్ సెలీ. చలి, గాయం, విషం వంటి వేర్వేరు హానులకు ఎలుకల శరీరం ఒకే రకమైన స్పందన చూపుతున్నదని ఆయన 1936లో ప్రకటించాడు. అధివృక్క గ్రంథులు ఉబ్బడం, థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జీర్ణకోశంలో పుండ్లు పడడం ఆ స్పందనలో భాగాలు.

ఈ స్పందనను నడిపించే గొలుసులో మూడు మజిలీలున్నాయి. మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ ప్రమాదాన్ని గుర్తించినప్పుడు సీఆర్‌ఎఫ్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది మూత్రపిండాలపై టోపీలా ఉండే అధివృక్క గ్రంథులను చేరి, వాటిచేత కార్టిసాల్ స్రవింపజేస్తుంది. కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచి, కండరాలకు, మెదడుకు శక్తిని సమకూరుస్తుంది. పని ముగిసిన తరువాత అదే కార్టిసాల్ మెదడుకు తిరిగి చేరి, ఇక చాలునన్న సంకేతం ఇస్తుంది. దానితో గొలుసు ఆగిపోతుంది. సీఆర్‌ఎఫ్ నిర్మాణాన్ని 1981లో వైలీ వేల్, ఆయన సహచరులు కనుగొన్నారు.

ఈ ఏర్పాటు కొద్దిసేపటి ప్రమాదానికి తగినది. పొలంలో పాము ఎదురైన రైతుకు కొన్ని నిమిషాలు గుండె వేగంగా కొట్టుకొని, తరువాత సర్దుకొంటుంది. అదే రైతు మదనపల్లె మార్కెట్టుకు తెచ్చిన టమాటాకు కోత కూలి కూడా రాని ధర పలికితే, ఆ రోజుతో ఆ ప్రమాదం తీరదు. అప్పు, వడ్డీ, మరుసటి పంట పెట్టుబడి నెలల తరబడి వెంటాడతాయి. బోరు ఎండిపోవడం, కుటుంబ పెద్ద వలస పోవడం, విద్యార్థికి ఏళ్ళ తరబడి పోటీ పరీక్షలు, ఇంట్లో హింస వంటివి కూడా ఇటువంటివే. ఆగవలసిన గొలుసు ఆగదు. తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో ఒక భాగానికి రక్తంలో కార్టిసాల్ ఎక్కువగా ఉండడం, దానిని తగ్గించే సంకేతం సరిగా పనిచేయకపోవడం 1960ల నుండి వైద్యులు గమనిస్తూ వచ్చారు. అయితే ఇది రోగులందరిలో కనిపించదు. అందువలన రక్తంలో కార్టిసాల్‌ను కొలిచి కుంగుబాటును నిర్ధారించడం సాధ్యం కాలేదు.

దీర్ఘకాలిక ఒత్తిడి మెదడును మార్చే తీరు

1968లో బ్రూస్ మెక్యూయెన్, ఆయన సహచరులు ఎలుకల మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం ఒత్తిడి హార్మోనును ఎక్కువగా పట్టి ఉంచుతున్నదని చూపారు. హిప్పోక్యాంపస్ జ్ఞాపకశక్తికి కీలకమైన భాగం. కార్టిసాల్ గొలుసును ఆపే సంకేతంలోనూ దానికి పాత్ర ఉన్నది. ఒత్తిడి హార్మోను ఎక్కువైతే, దానికి కళ్ళెం వేయవలసిన భాగమే ముందుగా దెబ్బతింటుందన్న ఆలోచనకు ఇది దారితీసింది. తరువాతి కాలంలో జరిగిన ప్రయోగాలు, రోజుల తరబడి ఒత్తిడికి గురైన ఎలుకలలో హిప్పోక్యాంపస్ నాడీకణాల కొమ్మలు పొట్టివై, వాటి చీలికలు తగ్గిపోతాయని తేల్చాయి.

ఈ విషయంలో ఒక ముఖ్యమైన ముందడుగు చిత్తూరుకు పొరుగున ఉన్న బెంగళూరులోనే పడింది. జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో అజయ్ వ్యాస్, రూప్షీ మిత్రా, బి.ఎస్. శంకరనారాయణరావు, సుమంత్ర చట్టర్జీలు ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనీయకుండా ఉంచి, మెదడులో రెండు భాగాలను పోల్చి చూశారు. 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఒకే ఒత్తిడి వలన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోగా, భయాన్ని నమోదు చేసే అమిగ్డలాలో అవి మరింతగా పెరిగాయి. 2004లో ప్రచురించిన మరొక పరిశోధనలో, ఒత్తిడి తీసివేసి 21 రోజులు గడిచినా అమిగ్డలాలోని మార్పు తగ్గలేదని, ఎలుకలలో బెదురు కూడా అలాగే నిలిచిందని తేలింది. కష్టం తీరిన తరువాత కూడా మనిషిలో భయం ఎందుకు మిగిలిపోతుందన్న ప్రశ్నకు ఈ ఫలితం ఒక ఆధారం చూపుతున్నది.

నుదుటి వెనుక ఉండే పూర్వలలాట వల్కలంలో కూడా ఒత్తిడి వలన నాడీకణాల కొమ్మలు తగ్గుతాయి. నిర్ణయాలు తీసుకోవడం, ఆలోచనను ఒకచోట నిలపడం, అమిగ్డలా రేపే భయాన్ని అదుపు చేయడం ఈ భాగం పనులు. అంటే అదుపు చేసే భాగాలు సన్నగిల్లుతుండగా భయపెట్టే భాగం బలపడుతుంది. మనుషులలో మెదడు స్కానింగుల ద్వారా 1996లో వైవెట్ షెలైన్, ఆమె సహచరులు కుంగుబాటు చరిత్ర ఉన్నవారిలో హిప్పోక్యాంపస్ పరిమాణం కొంత తక్కువగా ఉన్నదని చూపారు. తరువాతి పెద్ద అధ్యయనాలు కూడా ఈ తేడాను చూపాయి గాని, అది స్వల్పమైనది. ఒక వ్యక్తి స్కానింగు చూసి అతనికి కుంగుబాటు ఉన్నదో లేదో చెప్పలేము.

మొదటి ఆధారం: సర్పగంధ

సర్పగంధ వేరును ఆయుర్వేదంలోను, గ్రామీణ వైద్యంలోను నిద్రలేమికి, ఉన్మాదానికి, పాముకాటుకు వాడేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని, ఉన్మాదాన్ని శాంతింపజేస్తుందని ప్రచురించారు. 1949లో బొంబాయికి చెందిన హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులలో దీని ఫలితాలను ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో వివరించిన తరువాత ప్రపంచం దృష్టి ఈ మొక్కపై పడింది. 1952లో స్విట్జర్లాండుకు చెందిన సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు దాని నుండి రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

రెసర్పిన్ రక్తపోటును తగ్గించింది. అయితే దానిని వాడిన రోగులలో కొందరు దిగులులో మునిగిపోతున్నట్లు వైద్యులు నివేదించారు. 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రాడీ బృందం, రెసర్పిన్ ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ అనే నాడీప్రసారకం హరించుకుపోతున్నదని కనుగొన్నది. నాడీప్రసారకం అంటే ఒక నాడీకణం నుండి మరొక దానికి సందేశం మోసే రసాయనం. 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్ వలన కదలిక కోల్పోయిన కుందేళ్ళకు డోపా అనే పదార్థం ఇచ్చినప్పుడు అవి మళ్ళీ చురుకుగా తిరిగాయి. మెదడులో రసాయనం తగ్గితే ప్రవర్తన మారుతుందని, రసాయనం తిరిగి చేరితే ప్రవర్తన కూడా తిరిగి వస్తుందని ఈ ప్రయోగాలు తొలిసారిగా చూపాయి.

రెసర్పిన్ నిజంగా ఎంతమందికి కుంగుబాటు కలిగించిందన్న విషయంపై తరువాతి సమీక్షలు సందేహాలు వెలిబుచ్చాయి. తొలి నివేదికలలో చాలావరకు మందు వలన వచ్చే మగతను, మందకొడితనాన్ని కుంగుబాటుగా లెక్కవేశారన్నది ఆ సమీక్షల విమర్శ. అయినా ఆ నివేదికలు లేవనెత్తిన ప్రశ్న ఒక శాస్త్రానికే పునాది అయింది.

రెండవ ఆధారం: క్షయ మందు

మందులు లేని రోజులలో క్షయరోగికి విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారమే చికిత్స. అందుకోసం ఎత్తైన, పొడి వాతావరణం గల చోట్ల శానిటోరియంలు కట్టేవారు. మదనపల్లె దగ్గర 1915లో ప్రారంభమైన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం వాటిలో పేరుపొందినది. డెన్మార్కుకు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దీని తొలి సారథి. ఈ ప్రదేశానికి ఆరోగ్యవరం అన్న పేరు స్థిరపడింది. 1948లో భారతదేశంలో బీసీజీ టీకాల తొలి కార్యక్రమం మదనపల్లెలోనే మొదలైంది. రోగులు ఇల్లు విడిచి నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు ఇటువంటి చోట్ల గడపవలసి వచ్చేది.

1952లో అమెరికాలోని స్టేటన్ ఐలండ్‌లో ఉన్న సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఐసోనియజిడ్, ఐప్రోనియజిడ్ అనే రెండు కొత్త మందులు ఇచ్చి చూశారు. ఐప్రోనియజిడ్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల మార్పు కంటే ముందుగా మనసులోని మార్పు కంటబడింది. మంచాన పడి ఉన్నవారు హుషారుగా తిరిగారు, ఆకలితో తిన్నారు, నవ్వారు. అదే సంవత్సరం ఎర్నస్ట్ జెల్లర్, ఐప్రోనియజిడ్ మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందని చూపాడు. సెరటోనిన్, నారడ్రినలిన్, డోపమిన్‌లను విచ్ఛిన్నం చేసేది ఈ ఎంజైమే. 1957లో నేథన్ క్లైన్ ఈ మందును కుంగుబాటు రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. ఇదే రెసర్పిన్‌ను అమెరికా మనోవైద్యానికి పరిచయం చేసినవారిలో కూడా క్లైన్ ఒకడు. కాలేయానికి హాని చేస్తున్నదని తేలడంతో 1961లో అమెరికాలో ఐప్రోనియజిడ్‌ను ఉపసంహరించారు.

దాని జంట అయిన ఐసోనియజిడ్ మాత్రం క్షయ చికిత్సలో నేటికీ ప్రధానమైన మందు. ఇంటివద్దనే చికిత్స సాధ్యం కావడంతో శానిటోరియంల అవసరం తగ్గిపోయింది. ఆరోగ్యవరం కూడా కాలక్రమాన సాధారణ ఆసుపత్రిగా మారింది.

మోనోఅమీన్ సిద్ధాంతం

1957లోనే స్విట్జర్లాండుకు చెందిన రోలండ్ కూన్, ఇమిప్రమిన్ అనే మందు కుంగుబాటును తగ్గిస్తుందని ప్రకటించాడు. జూలియస్ ఆక్సెల్‌రాడ్ 1961లో ఇటువంటి మందులు నారడ్రినలిన్ తిరిగి నాడీకణంలోకి పోకుండా అడ్డుకుంటున్నాయని చూపాడు. నాడీప్రసారకాలపై చేసిన కృషికి ఆయనకు 1970లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

ఈ మూడు మందులు పనిచేసే చోట్లను చెరువుతో పోల్చి అర్థం చేసుకోవచ్చు. నాడీకణం చివర సెరటోనిన్ నిలవ ఉండే సంచులు చెరువులు అనుకుంటే, సందేశం వచ్చినప్పుడు తూము తెరచుకొని రసాయనం రెండు కణాల మధ్య ఉండే సందులోకి, అంటే నాడీసంధిలోకి పారుతుంది. రెసర్పిన్ చెరువు నిండకుండా చేస్తుంది. మోనోఅమీన్ ఆక్సిడేజ్ నిలవ బయట దొరికిన రసాయనాన్ని ఆవిరి చేస్తుంది. ఐప్రోనియజిడ్ దానిని ఆపుతుంది. పారిన రసాయనాన్ని తిరిగి కణంలోకి ఎత్తిపోసే రవాణా ప్రొటీను ఒకటున్నది. ఇమిప్రమిన్ దానికి అడ్డుపడుతుంది. వీటిని బట్టి, మోనోఅమీన్లు తగ్గడమే కుంగుబాటుకు కారణమని 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ తదితరులు ప్రతిపాదించారు. సెరటోనిన్ ఎత్తిపోతను మాత్రమే ఆపే ఫ్లూయోక్సెటిన్‌కు 1987 డిసెంబరులో అమెరికా అనుమతి లభించింది. ఆ తరగతికి చెందిన సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి ఈనాడు మన ఊళ్ళ మందుల షాపులలో కూడా దొరుకుతున్నాయి. వీటిని డాక్టరు చీటీపైనే కొనాలి.

ఈ సిద్ధాంతం తీర్చలేని చిక్కులు

మొదటిది కాలానికి సంబంధించినది. మందు వేసుకున్న కొన్ని గంటలలోనే నాడీసంధిలో సెరటోనిన్ పెరుగుతుంది, కాని రోగికి గుణం కనిపించడానికి సాధారణంగా 2 నుండి 4 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. సెరటోనిన్ కొరతే వ్యాధి అయితే ఇంత ఆలస్యం ఉండకూడదు.

రెండవది ఫలితానికి సంబంధించినది. అమెరికాలో 4,000 మందికి పైగా రోగులను చేర్చుకొని జరిపిన స్టార్-డి అనే అధ్యయనంలో, మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవారు దాదాపు మూడవ వంతు మందే అని 2006లో తేలింది. 2018లో ఆండ్రియా చిప్రియాని బృందం 21 మందులపై జరిగిన 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల ఫలితాలను కలిపి చూసింది. ఆ 21 మందులూ, మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైనవే. కాని సగటున ఆ మెరుగుదల ఒక మోస్తరుదే.

మూడవది ఆధారానికి సంబంధించినది. కుంగుబాటు రోగులలో సెరటోనిన్ తక్కువగా ఉన్నదన్నదానికి స్థిరమైన ఆధారం లేదని 2022లో ప్రచురితమైన ఒక విస్తృత సమీక్ష పేర్కొన్నది. దీనిని బట్టి మందులు పనిచేయవని అర్థం చేసుకోరాదు. జ్వరాన్ని తగ్గించే పారాసెటమాల్ కొరత వలన జ్వరం రాదు. అలాగే సెరటోనిన్‌ను పెంచే మందు పనిచేసినంత మాత్రాన సెరటోనిన్ కొరతే వ్యాధి అనలేము.

కొత్త లక్ష్యాలు

నాడీకణాల పోషకం. 1995లో యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ డ్యూమన్ బృందం, కుంగుబాటు మందులను దీర్ఘకాలం ఇచ్చినప్పుడు ఎలుకల హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను పెరుగుతున్నదని కనుగొన్నది. నాడీకణాలు బ్రతకడానికి, కొమ్మలు వేయడానికి ఇది అవసరం. ఒత్తిడి దానిని తగ్గిస్తుంది. 2000లో అదే బృందం ఈ మందుల వలన హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పుట్టడం పెరుగుతున్నదని చూపింది. కొత్త కొమ్మలు, కొత్త కణాలు ఏర్పడడానికి వారాలు పడుతుంది కనుక, మందుల ఆలస్యానికి ఇది సరిపడే వివరణ. 2021లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు, ఫ్లూయోక్సెటిన్ వంటి మందులు బీడీఎన్ఎఫ్ గ్రాహకమైన ట్రాక్-బికి నేరుగా అతుక్కుంటున్నాయని ప్రతిపాదించారు.

గ్లూటమేట్. మెదడులో ఉత్తేజాన్ని కలిగించే ప్రధాన నాడీప్రసారకం గ్లూటమేట్. మత్తుమందుగా వాడే కెటమిన్ దాని గ్రాహకాలలో ఒకటైన ఎన్ఎండీఏను అడ్డుకుంటుంది. 2000లో యేల్ పరిశోధకులు 7 గురు రోగులపై ఫలితాలు ప్రకటిస్తూ, తక్కువ మోతాదు కెటమిన్ రోజుల వ్యవధిలోనే కుంగుబాటును తగ్గించిందని తెలిపారు. 2006లో మరొక బృందం ఇతర మందులకు లొంగని రోగులలో కొద్ది గంటలలోనే మార్పు చూసింది. కెటమిన్‌తో ఒక్క రోజులోనే కొత్త నాడీసంధులు ఏర్పడుతున్నాయని, ఇందుకు ఎంటార్ అనే ప్రొటీను మార్గం కారణమని 2010లో డ్యూమన్ బృందం ఎలుకలలో చూపింది. ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు 2019లో అమెరికా అనుమతి లభించింది. ఇది వ్యసనంగా మారే ప్రమాదం, తాత్కాలికంగా స్పృహను మార్చే గుణం ఉన్నందున వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు.

గాబా. ఇది ఉత్తేజాన్ని తగ్గించే నాడీప్రసారకం. గర్భిణిగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, కాన్పు తరువాత హఠాత్తుగా తగ్గే ఒక స్టీరాయిడు దీని గ్రాహకాన్ని బలపరుస్తుంది. ఆ స్టీరాయిడుకు ప్రతిరూపమైన బ్రెక్సనొలోన్‌కు 2019లో, మాత్రగా వేసుకొనే జురనొలోన్‌కు 2023లో బాలింత కుంగుబాటుకు అమెరికా అనుమతి ఇచ్చింది.

వాపు. కొందరు రోగుల రక్తంలో, శరీరంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీను ఎక్కువగా ఉంటుంది. 2013లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే వాపు నిరోధకాన్ని 60 మంది రోగులలో పరీక్షించినప్పుడు మొత్తం మీద ప్రయోజనం కనిపించలేదు గాని, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారికి మేలు చేసే సూచన కనిపించింది. కుంగుబాటు ఒకే వ్యాధి కాకపోవచ్చునన్న అనుమానాన్ని ఇది బలపరచింది.

కణశక్తి. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో విదితా వైద్య బృందం 2019లో, సెరటోనిన్ నాడీకణాలలో మైటోకాండ్రియాల సంఖ్యను, శక్తి ఉత్పత్తిని పెంచి, ఒత్తిడిని తట్టుకొనే బలం ఇస్తున్నదని చూపింది. నాడీప్రసారకంగా పేరుపొందిన సెరటోనిన్‌కు ఇది కొత్త పాత్ర. వైద్యకు 2022లో జీవశాస్త్రాల విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది.

విఫలమైన లక్ష్యాలు

ప్రయోగశాలలో ఆశలు రేపిన లక్ష్యాలలో అధికభాగం రోగుల దగ్గరకు వచ్చేసరికి నిలవలేదు. ఒత్తిడి గొలుసులో మొదటి హార్మోను సీఆర్‌ఎఫ్ కనుక, దాని గ్రాహకాన్ని అడ్డుకుంటే కుంగుబాటు తగ్గాలన్నది సహజమైన ఆలోచన. అనేక కంపెనీలు అటువంటి మందులు తయారు చేసినా, పరీక్షలలో అవి ఉత్తుత్తి మాత్రను మించలేదు. 1998లో సబ్‌స్టెన్స్-పి అనే పదార్థపు గ్రాహకాన్ని అడ్డుకొనే మందు కుంగుబాటుకు పనిచేస్తుందన్న వార్త సంచలనం కలిగించింది. పెద్ద పరీక్షలలో అది కూడా నిలవలేదు. అదే తరగతికి చెందిన అప్రెపిటాంట్ 2003 నుండి క్యాన్సర్ చికిత్సలో వాంతులు ఆపడానికి ఉపయోగపడుతున్నది. కప్పా ఓపియాయిడ్ గ్రాహకాన్ని అడ్డుకొనే అటికాప్రాంట్ తుది దశ పరీక్షలను 2025లో తగినంత ప్రయోజనం లేదని ఆపివేశారు.

ఇందుకు ఒక కారణం జంతు పరీక్షల పరిమితి. 1977లో రోజర్ పోర్సోల్ట్ ప్రవేశపెట్టిన ఈత పరీక్షలో, నీటితో నిండిన పాత్రలో వేసిన ఎలుక ఎంతసేపు కాళ్ళు కొట్టుకొని, ఎప్పుడు కదలిక మానుతుందో లెక్కిస్తారు. మందు ఇచ్చిన ఎలుక ఎక్కువసేపు ఈదుతుంది. అయితే కదలిక మానడం నిరాశకు గుర్తా, లేక బలాన్ని ఆదా చేసుకొనే తెలివా అన్నది తేలని విషయం. పైగా ఈ పరీక్షలో ఒక్క మోతాదుకే గుణం కనిపిస్తుంది. మనిషికి వారాలు కావాలి. పాత మందులను పోలిన మందులను ఈ పరీక్ష బాగానే గుర్తిస్తుంది. కొత్త తరహా మందులను గుర్తించే శక్తి దానికి తక్కువ. అపరాధ భావన, భవిష్యత్తుపై నిరాశ వంటి లక్షణాలను ఎలుకలో కొలిచే మార్గం లేదు.

చికిత్స, సేవలు

నాడీశాస్త్రం కుంగుబాటుకు ఒకే కారణాన్ని చూపలేదు. అయితే ఇది ధైర్యలోపం కాదని, శరీరంలో జరిగే, కొలవదగిన మార్పులతో కూడిన వ్యాధి అని తేల్చింది. ఆ మార్పులలో చాలావరకు తిరిగి సరిదిద్దదగినవేనని కూడా తేల్చింది.

మందులతోపాటు మాటలతో చేసే చికిత్సలకు కూడా బలమైన ఆధారాలున్నాయి. గోవాలో సాధారణ విద్యావంతులకు శిక్షణ ఇచ్చి, వారిచేత 6 నుండి 8 విడతల కౌన్సెలింగు ఇప్పించినప్పుడు తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి మేలు జరిగిందని 2017లో విక్రమ్ పటేల్ బృందం ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్‌లో పశ్చిమ గోదావరి జిల్లా పల్లెలలో ఆశా కార్యకర్తలు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల డాక్టర్లు ట్యాబ్లెట్ పరికరాల సాయంతో కుంగుబాటును గుర్తించి చికిత్స చేసే స్మార్ట్ మెంటల్ హెల్త్ పథకాన్ని పరీక్షించారు. దానివలన చికిత్స కోసం ముందుకు వచ్చేవారు పెరిగారు. రాయలసీమను ఆనుకొని ఉన్న బళ్ళారి జిల్లాలో 1980లలో నిమ్‌హాన్స్ నడిపిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. ఆరంభంలో ఎంచుకున్న నాలుగు జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల రోగులకు తిరుపతిలోని ప్రభుత్వ బోధనాసుపత్రితోపాటు, చిత్తూరుకు సమీపంలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వంటివి అందుబాటులో ఉన్నాయి. వెల్లూరు కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రం 1957లో ప్రారంభమైంది. రోగితోపాటు కుటుంబ సభ్యులు కూడా ఉండి చికిత్సలో పాలుపంచుకొనే పద్ధతికి ఈ కేంద్రం ప్రసిద్ధి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబగళ్ళు, తెలుగుతో సహా పలు భాషలలో ఉచితంగా లభిస్తున్నది.

మందులు మొదలుపెట్టినవారు తొలి వారాలలో గుణం కనిపించలేదని మానివేయరాదు. కోలుకున్న తరువాత కూడా సాధారణంగా కనీసం 6 నెలలు కొనసాగించవలసి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే తలతిప్పు, చిరాకు, నిద్రలేమి వంటివి కలుగుతాయి కనుక డాక్టరు సలహాపై క్రమంగా తగ్గించాలి. పాతికేళ్ళలోపు వారికి మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చును కనుక ఇంటివారు దగ్గరుండి గమనించాలి. చనిపోవాలన్న ఆలోచన వచ్చినవారిని ఒంటరిగా వదలరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆ ఆలోచన గురించి అడగడం వలన అది పెరగదు. అడిగేవారుంటే చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది.

ఇవి కూడా చూడండి

నాడీకణం
సెరటోనిన్
సర్పగంధ
క్షయ
ఆరోగ్యవరం
మదనపల్లె